నీలం గోరు

తూర్పారకు పదకొండు రోజులు
పల్లం బావి 0.9. మెరక బావి 0.6.

ఈ ఉప్పు పుస్తకంలో ప్రతి పుట చివరా ‘విశేషాలు’ అనే గడి ఒకటుంది. పదకొండేళ్లుగా అందులో ‘ఏమీ లేవు’ అని రాస్తున్నాను. ఇవాళ గడి చాలక అంచుల్లోకి వచ్చేశాను.

పొద్దున్నే ఎప్పటిలాగే పైడితల్లి రెండు సీసాలూ తెచ్చింది. పల్లం వాడలో మూడో పంపు నడిపేది ఆమే. గట్టు కిందనుంచి ఊరే సముద్రాన్ని ఆ మూడు పంపులూ తోడిపోస్తుంటేనే పల్లంలో మూడు వందల ఇళ్లు పొడిగా ఉంటాయి. సీసాల్లో నాలుక ముంచాను. నాలుకంటే పెన్సిలంత యంత్రం. లీటరు నీళ్లలో ఎన్ని గ్రాముల ఉప్పుందో చెబుతుంది. ఒకటి దాటితే తాగకూడదు. నాలుగు దాటితే తోటకూర కూడా బతకదు. అంకెలు పుస్తకంలో ఎక్కించి, మెరక బావి దగ్గరి పలక మీద కూడా రాయడం నా ఉద్యోగం.

పైడితల్లి వెళ్లేదాకా ఆగి విస్సన్న బాబాయి లోపలికొచ్చాడు. మా నాన్న తమ్ముడు, మెరకలో గట్టు పక్షానికి పెద్ద. పంపుల గది తాళంచెవి ముప్పై ఏళ్లుగా వాళ్ల హాల్లో మేకుకు వేలాడుతోంది. మంచినీళ్లు అడిగి తాగి, గొంతు తగ్గించి విషయం చెప్పాడు. అసలు ఎన్నిక ఇంకా నాలుగు నెలలు. ముందు తూర్పారలో ఏ పక్షం చేటలో ఏ గింజ మిగలాలో, అంటే ఏ పక్షానికి ఎవరు అభ్యర్థో, తేలాలి. ఈసారి మన చేటలో ఒక్కడే నిలబడ్డాడు, పోటీ లేదు, మన ఓటుకు అక్కడ పని లేదు. తేలుడు పక్షంలో ఇద్దరున్నారు. మనిషికి ఒక్క ఓటే అయినా అది ఏ చేటలోనైనా వేయొచ్చు కనక, మెరకవాళ్లం కొందరం వెళ్లి వాళ్ల చేటలో జోగారావుకు వేసి రావాలట.

జోగారావు సంగతి ఊరందరికీ తెలుసు. పల్లాన్ని తెప్పల మీదికి మార్చాలన్నది తేలుడు పక్షం మాట. తెప్పలు ముందు కట్టి, అందాకా పంపులు ఆడించాలని నూకరత్నం అంటుంది. పంపులు ఇప్పుడే ఆపేద్దాం, నీళ్లొస్తేగానీ జనం తెప్పెక్కరు అని జోగారావు అంటాడు. ఇప్పటికి కట్టిన తెప్పలు ముప్పై.

అలాంటి వాణ్ని మనమే గెలిపించడమేమిటని అడిగాను.

“అందుకేనమ్మా” అన్నాడు బాబాయి, పిల్లలకు లెక్క నేర్పినట్టు. “వాడు నిలబడితే పల్లంవాళ్లు కూడా భయపడి మనకే వేస్తారు. ఆవిడ నిలబడితే చెమటోడ్చాలి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?”

ముద్దలో వెంట్రుక తగిలినట్టయింది. ఉమ్మేయడానికి ఎదురుగా పెద్దాయన.

తూర్పారకు తొమ్మిది రోజులు
పల్లం 0.9. మెరక 0.6.

తూర్పారలో వేలు గోరింట పెట్టెలో పెట్టాలి. గట్టు చేటలో వేస్తే ఇటుక రంగు, తేలుడు చేటలో వేస్తే నీలం. రంగు గోటి మొదట్లో దిగుతుంది, గోరు పెరిగి కత్తిరించుకుంటేగానీ పోదు. నాలుగు నెలలు. అన్నం కలిపినా, జడ అల్లినా, పసుపు అందించినా నువ్వే చేట మనిషివో కనిపిస్తూనే ఉంటుంది. మా అమ్మ ఇటుక రంగు గోటితోనే పోయింది. మెరకలో నీలం గోటితో పేరంటానికి వెళ్లిన ఆడమనిషిని నేనెరగను.

ఇప్పుడు వింటే, ఈసారికి నీలం తప్పు కాదట. తెలివట. పక్కింటి కామాక్షి వదిన నీలానికి తగ్గ చీర కూడా తీసి పెట్టుకుంది.

తూర్పారకు ఏడు రోజులు
పల్లం 0.9. మెరక 0.6.

సీసాలు దింపుతూ పైడితల్లి తనే ఆ మాటెత్తింది. మెరకవాళ్లు తమ చేట మీద పడబోతున్నారని పల్లంలో అప్పుడే తెలిసిపోయిందట. ఈ ఊళ్లో రహస్యం ఉప్పునీటి లాంటిది, గట్టు కిందనుంచి ఊరుతుంది.

“ఆళ్లొత్తే నువ్వూ రా” అంది. “ఆళ్లు జోగారావుకేత్తే నువ్వు రత్నమ్మకెయ్యి. ఒక్క ఓటయినా మావైపు పడతాది గదా.”

ఆలోచిస్తానన్నాను. నువ్వు ఉప్పు కూడా ఆలోచించే ఏసుకుంటావు అని నవ్వింది. నిజమే. ఆ అలవాటుకే విశ్వవిద్యాలయం నాకు పట్టా ఇచ్చింది.

నూకరత్నం మంచిది కావచ్చు, కానీ నా పక్షం మనిషి కాదు. తెప్పల మీద నాకు నమ్మకం లేదు. గట్టు ఇంకా రెండు మూరలు లేపాలనే నా నమ్మకం. నమ్మకం లేని చేటలో, మంచి గింజ కోసమైనా సరే, చెయ్యి పెట్టవచ్చా? వాళ్ల ఇంటి పెళ్లికి వెళ్లి పిల్లను నేను ఎంపిక చేసినట్టు ఉండదా? బాబాయి చేసేదానికీ నేను చేయబోయేదానికీ తేడా ఉద్దేశంలోనే. ఉద్దేశానికి రంగు లేదు.

తూర్పారకు ఐదు రోజులు
పల్లం 0.9. మెరక 0.7.

తూర్పార అన్నప్పుడల్లా మనసులో ఏదో ముల్లు. ఇవాళ దొరికింది. చదువుకునే రోజుల్లో మా ఊరి పాత కట్టుబాట్ల పత్రం, పెనుమిట్ట ఒడంబడిక మీద రెండు వందల పుటల వ్యాసం రాశాను. చదివినవాళ్లు ఇద్దరు, అందులో ఒకదాన్ని నేను. అందులో ఎక్కడో తాళంచెవి మాట ఉందని గుర్తు. ఉందా, ఉందనుకున్నానా? మధ్యాహ్నం దస్త్రాల గదికి వెళ్లాను. కాగితాలకు ఉప్పు పట్టి అప్పడాల్లా విరుగుతున్నాయి. పదిహేడో పుటలో పక్కపక్కనే రెండు వాక్యాలు.

‘తూర్పార నుండి ఎన్నిక వరకు పంపుల తాళము ఏ చేటకు ఎక్కువమంది వచ్చిరో ఆ చేటలో గెలిచిన వాని వద్ద ఉండవలెను.’

‘ఆ చేటకు వచ్చిన వారిలో సగము మంది పదిహేను దినముల లోపల పంపుల గది ముంగిట నిలిచి గోరు చూపినచో, చేట తిరుగవేసి రెండవ వానిని నిలుపవలెను.’

మెరక పెద్దది కనక ఎప్పుడూ మా చేటకే ఎక్కువమంది వచ్చారు, తాళం మా దగ్గరే ఉంది. ముప్పై ఏళ్లు అలా ఉండేసరికి అది లెక్క వల్ల ఉన్నదని మరిచిపోయి, పుట్టుకతో వచ్చిందనుకున్నారు. ఇప్పుడు మా వాళ్లే ఆ చేటకు నడిచి వెళ్లి వాళ్ల లెక్క పెంచబోతున్నారు. తాళం జోగారావు చేతికి వెళుతుంది. నాలుగు నెలల తర్వాత కాదు, మర్నాడే.

తూర్పారకు నాలుగు రోజులు
పల్లం 0.9. మెరక 0.6.

బాబాయి ఇంట్లో గట్టు పక్షం సమావేశం. పుట ఎత్తి రాసుకున్న కాగితం చదివాను. తాళంచెవి నా ఎదురుగానే మేకుకు వేలాడుతోంది. అందరూ దానివైపు చూశారు, అది ఎక్కడికి పోతుందన్నట్టు.

బాబాయి లెక్క చెప్పాడు: వెళ్లేది రెండు వందలమందే, వాళ్ల చేటకు వచ్చేది ఎప్పుడూ పదకొండు వందలే, మనకు రెండు వేలు పైచిలుకు. ఎలా చూసినా మనమే ఎక్కువ. ఆ రెండు వందలమంది ఎవరో పేర్లు రాశారా అని అడిగాను. పేర్లెందుకు, మన మనుషులకు ఆమాత్రం తెలీదా అన్నాడు. వెనకనుంచి ఎవరో, నాకు పల్లంలో స్నేహాలున్నాయని, అందుకే కాగితాలు పుడుతున్నాయని అన్నారు. నవ్వులు. టీ వచ్చింది.

ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను. ఎందుకో రెండుసార్లు.

తూర్పారకు ఒక రోజు
పల్లం 0.9. మెరక 0.6.

మూడు దారులు. నా చేటకు వెళితే లెక్కలో మావైపు ఒకరు పెరుగుతారు, తాళం నిలవొచ్చు. ఆ చేటకు వెళ్లి నూకరత్నానికి వేస్తే జోగారావుకు అడ్డంగా ఒక ఓటు పడుతుంది, కానీ లెక్కలో వాళ్లవైపు ఒకరు పెరుగుతారు. ఇంట్లో కూర్చుంటే చేతులు శుభ్రంగా ఉంటాయి, పైడితల్లి ఇల్లు మునిగినా శుభ్రంగానే ఉంటాయి.

తాళం పోవడం నా అనుమానం. జోగారావు గెలవడం ఖాయం. ఖాయమైనదానికే అడ్డం పడాలని తేల్చుకున్నాను. తేల్చుకున్నాక కూడా తేలలేదు.

తూర్పార
పల్లం 0.9. మెరక 0.6.

తేలుడు చేట దగ్గర పొడుగాటి వరస. ముందు మెరక, వెనక మెరక. కామాక్షి వదిన నీలం చీరలో వచ్చింది. ఒకరినొకరు చూసి కన్నుగీటుకుంటున్నారు, పిలవని పెళ్లిలో విస్తళ్ల దగ్గర కలుసుకున్న చుట్టాల్లాగా. నువ్వూనా అని నన్ను చూసి సంతోషించారు. పల్లంవాళ్లు వాళ్ల సొంత వరసలో వాళ్లే వెనకబడి నిలబడ్డారు.

నూకరత్నానికి వేశాను. పెట్టె వేలిని చీమలా కుట్టింది.

బయట బాబాయి నా గోరు చూసి భుజం తట్టాడు. “ఇన్నాళ్లకు తెలివొచ్చింది” అన్నాడు. ఆయన గోరూ నీలమే. రెండూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పలేను.

తూర్పార తర్వాత ఒకటో రోజు
పల్లం 0.9. మెరక 0.6.

గట్టు చేటకు వచ్చినవాళ్లు 1,764. తేలుడు చేటకు 1,787. అందులో జోగారావుకు 1,053, నూకరత్నానికి 734.

రెండు వందలమంది అనుకున్నది దాదాపు ఏడు వందలు వెళ్లారు. ప్రతివాడూ మిగతావాళ్లు వెళ్లరనుకున్నాడు, లేదా తను వెళ్లకపోతే తెలివితక్కువవాడంటారనుకున్నాడు. తేడా ఇరవై మూడు. పన్నెండుమంది తమ చేటకే వెళ్లి ఉంటే చాలు. ఆ పన్నెండుమందిలో నేనొకదాన్ని.

సమావేశంలో నేను చదివింది ఎలా చేరిందో, మధ్యాహ్నం జోగారావు మనుషులు ఆ ఒడంబడిక పుట పట్టుకుని వచ్చి, బాబాయి హాల్లోంచి తాళంచెవి తీసుకెళ్లారు. గోడమీద తాళంచెవి ఆకారంలో తెల్లటి మచ్చ మిగిలిందట.

తూర్పార తర్వాత మూడో రోజు
పల్లం 1.3. మెరక 0.6.

మూడు పంపులూ ఆపారు. తన పంపు తన చేత్తోనే ఆపించారని పైడితల్లి చెప్పింది. సీసా బల్లమీద పెట్టేటప్పుడు నా వేలు చూసింది.

తూర్పార తర్వాత ఆరో రోజు
పల్లం 2.4. మెరక 0.6.

మెరకంతా వేళ్లకు గుడ్డ కట్లు. ఊరికి ఊరే ఒకేసారి కూర తరుగుతూ వేలు కోసుకున్నట్టుంది. ఆడవాళ్లు నీలం మీద అసలు గోరింటాకు పెట్టారు. రెండూ కలిసి కుళ్లిన వంకాయ రంగు వచ్చింది. ఆ చేతులతోనే పల్లంవాళ్లకు పులిహోర పొట్లాలు కట్టి పంపుతున్నారు.

బాబాయి వచ్చాడు, కట్టుతో. కూర్చోలేదు. పదిహేడో పుట అసలు ప్రతి కాదని, చిత్తుప్రతి అని నేను పంచాయతీ ముందు చెబితే తాళం వెనక్కి వస్తుందన్నాడు. ఒడంబడిక మొత్తం చదివింది ఊళ్లో నేనొక్కదాన్నే.

“నీకు ప్రతిదానికీ అనుమానమే కదమ్మా. దీనికీ ఒక అనుమానం ఉందని చెప్పు, చాలు.”

పదకొండేళ్లలో ఒక్క అబద్ధపు అంకె రాయనిదాన్ని, అబద్ధపు మాట చెప్పనన్నాను. పైగా ఆ పుట అబద్ధమైతే దాని కింది వాక్యమూ అబద్ధమవుతుంది. చేట తిరగేసే దారి అదొక్కటే. 1,787లో సగం 894. ఆ వాక్యం సంగతి తెలిసి పల్లం నుంచి ఏడు వందల ఇరవైమంది గోరు చూపడానికి సిద్ధంగా ఉన్నారు. ఇంకా నూట డెబ్బై నాలుగు కావాలి. మెరకలో ఉన్న నీలం గోళ్లలో నాలుగో వంతు. ముందు మీరు కట్టు విప్పండి బాబాయ్ అన్నాను.

“పల్లంవాళ్ల ముందు నిలబడి, ఇదిగో నేను చేసిన పని అని వేలెత్తి చూపమంటావా” అన్నాడు. గుమ్మం దాటేటప్పుడు ఆ చెయ్యి ఉత్తరీయంలో దాచుకున్నాడు.

తూర్పార తర్వాత పదో రోజు
పల్లం 3.5. మెరక 0.6.

నాలుగు రోజులుగా ఇల్లిల్లూ తిరుగుతున్నాను. నూట అరవై తలుపులు. ఒప్పుకున్నవాళ్లు పంతొమ్మిది. మిగతావాళ్లలో సగంమంది తాము అసలు ఓటే వేయలేదన్నారు, కట్టుకట్టిన వేలితో తలుపు పట్టుకుని. పల్లం నిండితే ఊట మెరక బావిలోకీ ఎక్కుతుంది, ఏడాదో రెండేళ్లో పడుతుంది అంతే అని చెప్పాను. ఏడాదా అని ఊపిరి పీల్చుకున్నారు.

సాయంత్రం పైడితల్లికి పదిహేడో పుట మళ్లీ చదివి వినిపించి పంతొమ్మిది అని చెప్పాను. పల్లం యాసలో గారుని గోరు అంటారు. ఆమె “విస్సన్న గోరు, కామాచ్చమ్మ గోరు, పంతులు గోరు” అని వేళ్లమీద లెక్కపెట్టింది. “అందరూ గోర్లే మీకాడ. సూపించీ గోరొక్కటీ లేదు.”

తర్వాత తన ఇంటి వెనక గోడ కూలిందని, ఆ మాట వెనకే, మామూలుగా చెప్పింది. మా ఇంటికి వచ్చేయమన్నాను. రాత్రికి పిల్లలతో, ఒక కుట్టుమిషనుతో వచ్చింది.

తూర్పార తర్వాత పద్నాలుగో రోజు
పల్లం 4.6. మెరక 0.7. పలక మీద మెరకకు రాసింది 1.7.

పై వరస చదివేవాళ్లు పొరపాటనుకోవద్దు. నాలుక 0.7 అంది. నేను పలక మీద 1.7 రాశాను. సున్నా ఉండాల్సిన చోట ఒక నిలువు గీత. సుద్దముక్కకు అది సున్నా కంటే తక్కువ శ్రమ.

గంటలోపల బావి దగ్గర జనం. తాగిన ప్రతివాళ్లకూ ఉప్పగా ఉంది. కామాక్షి వదినకు వారంనుంచే ఉప్పగా ఉందట, ఎవరికీ చెప్పలేదట. బాబాయి దోసిట్లో నీళ్లు పుక్కిలించి నా కాళ్ల దగ్గరే ఉమ్మాడు.

“ఉప్పమ్మా. ఉప్పు కషాయం” అన్నాడు. “ఏడాదన్నావుగా?”

నా లెక్క తప్పిందన్నాను. ఆయన నన్ను మొదటిసారి పూర్తిగా నమ్మాడు.

తూర్పార తర్వాత పదిహేనో రోజు
పల్లం 4.8. మెరక 0.6. పలక మీద 1.6.

పంపుల గది ముంగిట మోకాలిలోతు నీళ్లు. పల్లంవాళ్లు పొద్దున్నుంచే అందులో నిలబడి ఉన్నారు. మెరకవాళ్లు మెట్లమీద ఆగి, ఒకరి వెనక ఒకరు దాక్కుంటూ, కట్లు విప్పి నీళ్లలో వదిలారు. గుడ్డపీలికలు జనం మోకాళ్ల చుట్టూ తేలుతున్నాయి. మెరకనుంచి రెండు వందల ఆరుమంది. బాబాయి నూట తొంభయ్యోవాడు. వేలు ఎత్తాడు కానీ, పైకి కాదు, ఛాతీ దగ్గర, పేకాటలో ముక్క చూపినట్టు.

చేట తిరగబడింది. తాళంచెవి నూకరత్నం తీసుకుంది. సాయంత్రానికి మూడు పంపులూ ఆడాయి. పల్లంలో ఎనభై ఇళ్లకు గోడల్లేవు.

పల్లం ఇళ్లు కూలుతుంటే పంతొమ్మిదిమంది. తమ బావి ఉప్పెక్కిందనగానే రెండు వందల ఆరుమంది. ఈ రెండు అంకెలూ నా పుస్తకంలో ఉన్న ఏ ఉప్పు కంటే చేదు. నా నిజమైన ఓటు దేనికీ పనికిరాలేదు. నా అబద్ధం ఊరిని నడిపించింది. బాబాయి చేసిందీ ఇదే కదా, మంచికే అనుకుంటూ? నా గోరు చూసుకున్నాను. మొదట్లో వెంట్రుకంత తెల్లటి గీత వచ్చింది.

తూర్పార తర్వాత పదహారో రోజు
పల్లం 4.4. మెరక 0.6.

పలక మీద కూడా 0.6 రాశాను. పంపులు ఆడేసరికి తగ్గిపోయిందని జనం ఆనందపడ్డారు. నీళ్లు మళ్లీ తియ్యనయ్యాయి, అందరికీ.

పైడితల్లి సీసాలు తెచ్చి బల్లమీద పెట్టి, వెళ్లకుండా నిలబడింది.

“మొన్న పొద్దున ఆ బావి నీళ్లు తోడి పిల్లలకి నానే తాపించినాను” అంది. “తియ్యగానే ఉన్నాయి.”

నేను యంత్రం నాలుకను గుడ్డతో తుడిచి పెట్టాను.

“మంచికే సేసినావులే. ఎవరికీ సెప్పను.” పల్లం సీసా మూత తీసి నావైపు జరిపింది. “మా బావికి మాత్రం ఉన్నదే రాయమ్మా.”

4.4 అని రాశాను. రాస్తున్నంతసేపూ ఆమె వంగి పుస్తకంలోకి చూసింది. పదకొండేళ్లలో ఎప్పుడూ చూడలేదు.